నోరు తెరిపించినప్పుడే చిగుళ్ళు కూడా చూడమనండి

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి,
అమలాపురం.

కలెక్టర్ గారూ,

పి.గన్నవరం నుంచి రాస్తున్నాను. ఇక్కడి నుంచి మీకు వచ్చే కాగితాల్లో సాధారణంగా ఏముంటుందో నాకు తెలుసు. లంకలకి వంతెన ఎప్పటికి పూర్తవుతుంది, వరదకి కొట్టుకుపోయిన దారి మళ్ళీ ఎప్పుడు వేస్తారు, కాలవలో గుర్రపుడెక్క ఎప్పుడు తీయిస్తారు. అవన్నీ అడగవలసినవే. నా కాగితం మాత్రం జనం చిగుళ్ళ గురించి. కలెక్టరుకి రాయాల్సిన సంగతేనా ఇది అని మా వీధి అరుగు మీద ఇప్పటికే నవ్వారు. మీరు నవ్వినా పరవాలేదు, చివరిదాకా చదవండి. నేను అడిగేదానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పోస్టు అక్కర్లేదు. మీ సిబ్బంది ఇప్పుడు చేస్తున్న పనిలోనే మనిషికి ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, అంతే.

ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు మా ఇళ్ళకి వస్తారు. ముప్పై దాటినవాళ్ళని కూర్చోబెట్టి బీపీ చూస్తారు, వేలు గుచ్చి షుగర్ చూస్తారు, తరవాత నోరు తెరవమని టార్చి వేస్తారు. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ ఏమైనా ఉందా, రెండు వారాలైనా మానని పుండు ఉందా, నోరు పూర్తిగా తెరుచుకుంటోందా, నమిలేటప్పుడు నొప్పి ఉందా అని అడుగుతారు. నోటి క్యాన్సర్‌ని ముందుగా పట్టుకోవడానికి పెట్టిన ప్రశ్నలివి. చుట్టకీ ఖైనీకీ అలవాటు పడ్డ ఊళ్ళలో ఇవి తప్పనిసరి, వాటిని ఎవరూ కదపకూడదు. అయితే అదే టార్చి వెలుగు ఎర్రగా ఉబ్బిన చిగుళ్ళ మీద, పళ్ళ మొదళ్ళలో పచ్చగా గట్టిపడ్డ గార మీద కూడా పడుతోంది. చూసేవాళ్ళు చూస్తున్నారు, చూపించేవాళ్ళు చూపిస్తున్నారు, దాని గురించి ఎవరూ ఏమీ అనడం లేదు.

అనకపోవడానికి కారణం ఉంది. ఈ జబ్బు నొప్పి పెట్టదు. పిప్పి పన్నయితే రాత్రికి రాత్రి మనిషిని లేపి కూర్చోబెడుతుంది, లవంగ నూనె పెట్టించుకుని తెల్లారేసరికి డాక్టరు దగ్గరికి పరిగెత్తిస్తుంది. చిగుళ్ళ జబ్బు అలా కాదు. అడిగితే వచ్చే జవాబు ఇది: "నొప్పేం లేదండి ఆయ్, పొద్దుట తోముకునేటప్పుడు కాస్త రక్తం పడతది, అంతే." చేతి గోరు పక్కన రోజూ రక్తం వస్తే ఊరుకుంటామా? నోట్లో వస్తే మాత్రం ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించి, కాఫీ తాగుతాం. ఏళ్ళు గడుస్తాయి. ఒక రోజు జామకాయ కొరికితే పన్ను చేతిలోకి వస్తుంది. పుచ్చు లేదు, విరగలేదు, చూడడానికి పన్ను పన్నులాగే ఉంటుంది.

ఏటిగట్టున కొబ్బరిచెట్టు ఒరిగిపోవడం లంకల్లో అందరూ చూసిందే. చెట్టుకి తెగులుండదు. మొవ్వు పచ్చగా ఉంటుంది, గెలలు దిగుతూనే ఉంటాయి. కింద గోదావరి పాయ వైనతేయ మట్టిని కోసుకుపోతూ ఉంటుంది. చిగుళ్ళ జబ్బుతో పోయే పన్ను కథ కూడా ఇంతే, పోయింది పన్ను కాదు, దాన్ని పట్టుకున్న ఎముక. ఒరిగాక చెట్టుకి ఎరువు వేసినట్టుగా మన వాళ్ళు పళ్ళు కదిలాక ఖరీదైన పేస్టు కొంటారు.

ఆ ఎముకని తినేది ఎవరు? సూక్ష్మజీవులు అని బడిలో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాం. నేను కూడా పిల్లలకి జీవశాస్త్రం చెప్పినవాణ్ణే, పుస్తకంలో అంతకంటే ఎక్కువ లేదు. అసలు సంగతి అంతకంటే చిత్రమైంది. అది తెలియకే మనం చేసే వైద్యాలన్నీ పక్కదారి పడుతున్నాయని నా నమ్మకం. అందుకే కొంచెం విడమరిచి చెబుతాను.

1683 సెప్టెంబరులో హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణం నుంచి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ లండన్ రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశాడు. బట్టల వ్యాపారంతో బతుకు మొదలుపెట్టి, సొంతంగా కటకాలు అరగదీసుకుని చిన్న చిన్న సూక్ష్మదర్శినులు చేసుకున్న మనిషి. రోజూ ఉప్పుతో పళ్ళు తోముకునేవాడు, పుల్లతో సందులు శుభ్రం చేసుకునేవాడు, గుడ్డతో రుద్దేవాడు. అంత శుభ్రం పాటించినా పళ్ళ సందుల్లో తెల్లగా పిండిలాంటిది మిగిలితే దాన్ని తీసి, వాన నీటిలో కలిపి కటకం కింద పెట్టి చూశాడు. అందులో ప్రాణులు ఈదుతున్నాయి, గిరగిర తిరుగుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక పళ్ళు తోమని ఒక ముసలాయన నోటి నుంచి తీసి చూస్తే లెక్కకు అందనన్ని. మనిషి నోట్లోని సూక్ష్మజీవుల్ని మానవజాతి మొదటిసారి చూడడం అదే.

ఆయన చేసిన ఇంకో పని నాకు అంతకంటే గొప్పగా తోస్తుంది. వెనిగర్ కలిపితే ఆ ప్రాణులు చచ్చిపోతున్నాయని కటకం కింద చూశాడు. సరే అని వెనిగర్‌ని నోట్లో పోసుకున్నాడు. తరవాత పళ్ళ మధ్య నుంచి తీసి చూస్తే లోపల అవి బతికే ఉన్నాయి. వెనిగర్ పైపైనున్న వాటిని చంపింది గానీ, ముద్దలోకి చొరబడలేదని రాసుకున్నాడు. మూడు వందల నలభై ఏళ్ళ కిందటి మాట. ఈ రోజు రంగురంగుల మౌత్‌వాష్ సీసా కొని, పుక్కిలించి, ఇక పని అయిపోయిందనుకునే ప్రతివాళ్ళకీ ఆయన అప్పుడే సమాధానం చెప్పేశాడు.

మనం పాచి అనేది మిగిలిపోయిన అన్నం మెతుకుల మురికి కాదు. అది కట్టుదిట్టమైన కాపురం. పన్ను తోముకున్న కొద్ది నిమిషాలకే లాలాజలంలోని ప్రొటీన్లు పంటి మీద పలచని పొర పరుస్తాయి. గంటల్లో స్ట్రెప్టోకాకస్ జాతి సూక్ష్మజీవులు వచ్చి ఆ పొరని పట్టుకుంటాయి. ఇవి చాలా మటుకు పెద్దమనుషులే, మనకేం హాని చెయ్యవు. వాటిని అలాగే వదిలేస్తే వాటి మీద ఇంకో జాతి, దాన్ని ఆసరా చేసుకుని మరో జాతి చేరతాయి. చుట్టూ జిగురు కట్టుకుంటాయి. పొర మందమయ్యేకొద్దీ అడుగున గాలి అందదు, గాలి సరిపడని జాతులకి అదే కావలసింది. చిగురుకీ పంటికీ మధ్యనున్న సన్నటి సందులో అవి మకాం పెడతాయి. మనుషుల నోళ్ళన్నిట్లో కలిపి ఏడు వందల దాకా జాతుల్ని శాస్త్రజ్ఞులు గుర్తించారు.

పాచికీ చిగుళ్ళ వాపుకీ ఉన్న ముడిని అనుమానానికి తావు లేకుండా చూపించింది 1965లో. డెన్మార్క్‌లోని ఆర్‌హూస్‌లో హరాల్డ్ లో అనే దంతవైద్య ఆచార్యుడు, ఆయన సహచరులు ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించారు. వాళ్ళలో ఎక్కువమంది దంతవైద్యం చదివే పిల్లలే. మొదట గుండ్రటి సూక్ష్మజీవులు, తరవాత పొడుగాటివి, ఇంకొన్ని రోజులకి మెలికలు తిరిగినవి వరసగా వచ్చి చేరాయి. 10 నుంచి 21 రోజుల లోపల అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టిస్తే వారం పది రోజుల్లో మామూలైపోయాయి. మందు లేదు, మాత్ర లేదు. చిగుళ్ళ వాపు ఈ మొదటి దశలో ఉన్నంతవరకు వెనక్కి తిప్పుకోవచ్చు. ఎముక దాకా పోయాక ఆగుతుంది గానీ, పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు. నా విన్నపం బరువంతా ఈ తేడా మీదే ఉంది.

అప్పటినుంచీ దొంగ ఎవరని వెతుకులాట. 1998లో బోస్టన్‌లో సిగ్మండ్ సోక్రాన్‌స్కీ బృందం 13 వేలకు పైగా పాచి నమూనాలు పరీక్షించి, లోతుగా దెబ్బతిన్న చిగుళ్ళలో ఎప్పుడూ కలిసి కనిపించే మూడు జాతుల్ని ఒక గుంపుగా తేల్చింది. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సితియా, ట్రెపొనీమా డెంటికోలా. వాటికి ఎర్ర గుంపు అని పేరు పెట్టారు. దొంగలు దొరికారనుకున్నారు. కానీ 2011లో జార్జ్ హజిషెంగాలిస్, ఆయన తోటివాళ్ళు ఎలుకల మీద చేసిన పరిశోధన కథని మలుపు తిప్పింది. ఆ మూడింటిలో మొదటిదైన జింజివాలిస్‌ని చాలా కొద్ది మోతాదులో ఎలుక నోట్లో పెడితే ఎముక కరిగింది. నోట్లో వేరే ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలో పెడితే ఏమీ కాలేదు. అంటే అది తానొక్కతే ఎముకని తినదు. ఊరంతా సర్దుకుపోయి బతుకుతున్నవాళ్ళ మధ్య చేరి తగాదా పెడుతుంది. శరీరపు రక్షణ వ్యవస్థ కళ్ళు కప్పుతుంది, మిగతా సూక్ష్మజీవులు విచ్చలవిడిగా పెరుగుతాయి, అప్పుడు శరీరం కంగారుపడి సైన్యాన్ని దింపుతుంది. ఆ పోరాటంలో మన ఎముకని కరిగించేవి మన కణాలే.

ఇంకో సంగతి వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ జింజివాలిస్ బతకడానికి ఇనుము కావాలి, రక్తంలోని హీమ్ నుంచి అది దాన్ని తీసుకుంటుంది. అంటే చిగుళ్ళ నుంచి కారే రక్తం జబ్బుకి గుర్తు మాత్రమే కాదు, జబ్బు తెచ్చిపెట్టేదానికి మేత కూడా. "కాస్త రక్తం పడతది, అంతే" అన్న మాటలోని ఆ "అంతే" దగ్గర మీ ఏఎన్‌ఎం ఆగాలని నేను కోరుకునేది ఇందుకే.

సూక్ష్మజీవులు ఉన్నంత మాత్రాన అందరికీ ఒకేలా పళ్ళు ఊడవు. దీనికి ఆధారం మనకి దగ్గర్లోనే దొరికింది. అదే హరాల్డ్ లో 1970లో శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది తమిళ కూలీల నోళ్ళు చూడడం మొదలుపెట్టి, పదిహేనేళ్ళు వాళ్ళని గమనించాడు. వాళ్ళకి దంతవైద్యం అందదు, బ్రష్షు అలవాటు లేదు. అందరి పళ్ళకీ పాచి, గార దండిగా ఉన్నాయి, చిగుళ్ళు వాచే ఉన్నాయి. అయినా నూటికి 11 మందికి జబ్బు ఎముక దాకా పోనేలేదు. 81 మందికి మెల్లగా పోయింది. 8 మందికి మాత్రం నలభై ఐదేళ్ళు వచ్చేసరికి దాదాపు పళ్ళన్నీ పోయాయి. ఒకే తోట, ఒకే తిండి, ఒకే పాచి. తేడా ఒంటిలో ఉంది. "మా తాత ఏనాడూ బ్రష్షు పట్టలేదు, తొంభై ఏళ్ళకీ చెరుకుగడ నమిలాడు" అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. నిజమే చెబుతారు, ఆ తాత ఆ పదకొండు మందిలోవాడు. మనవడు ఏ లెక్కలోకి వస్తాడో నోరు తెరిచి చూస్తే తప్ప తెలియదు.

వయసైపోతే పళ్ళు ఊడతాయనే మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. జపాన్ 1989లో ఎనభై ఏళ్ళకి ఇరవై సొంత పళ్ళు ఉండాలని ఒక ఉద్యమం పెట్టుకుంది. అప్పుడు ఆ వయసువాళ్ళలో పదోవంతు కూడా అలా లేరు. 2016 సర్వేలో సగం మంది దాటారు. మన వీధిలో ఎనభై దాటిన వాళ్ళని ఇరవై పళ్ళు లెక్కపెట్టి చూపించమనండి, చాలామంది నవ్వి నోరు మూసుకుంటారు. మాగాయ టెంక చీకలేక, పనసపొట్టు కూర నమల్లేక, పెరుగన్నం మెత్తగా పిసికించుకుని తింటూ, అదే వార్ధక్యం అనుకుంటున్నారు.

ఇప్పుడు షుగర్ దగ్గరికి వద్దాం. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్కన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు వచ్చే ముప్పు దాదాపు మూడు రెట్లు. అది అదుపులో లేకపోతే ఇంకా ఎక్కువ. షుగర్ తెచ్చిపెట్టే ఆరో ఉపద్రవం చిగుళ్ళ జబ్బని అదే హరాల్డ్ లో 1993లో అన్నాడు. ఈ దారి రెండు వైపులా నడుస్తుంది. చిగుళ్ళలో నిత్యం రగిలే వాపు షుగర్‌ని అదుపు కానివ్వదు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష ఉంది కదా, గార తీయించి చిగుళ్ళకి సరైన వైద్యం చేయిస్తే ఆ అంకె మూడు నాలుగు నెలల్లో సుమారు 0.4 పాయింట్లు తగ్గుతోందని, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2022 సమీక్ష తేల్చింది. వినడానికి చిన్నదే, కొన్ని షుగర్ మాత్రలు చేసే పని కూడా అటూ ఇటుగా అంతే. పొద్దున్నే నడక, రాగి జావ, మెంతి నీళ్ళు అన్నీ చేసి షుగర్ దిగలేదని వాపోయేవాళ్ళు తమ నోట్లోకి ఎప్పుడైనా చూసుకున్నారా? చూసుకోమని వాళ్ళకి చెప్పినవాళ్ళున్నారా?

గుండె జబ్బుకీ, మతిమరుపుకీ కూడా చిగుళ్ళే కారణమని ఈ మధ్య వీడియోల్లో ఊదరగొడుతున్నారు. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో గుండె జబ్బు ఎక్కువగా కనిపిస్తున్న మాట నిజం. ఒకటి రెండోదానికి కారణమని రుజువు కాలేదు. భయపెట్టి పని జరిపించుకోవడం నాకిష్టం లేదు కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తాను. గర్భిణుల సంగతి మాత్రం చెప్పాలి. హార్మోన్ల మార్పు వల్ల ఆ నెలల్లో చిగుళ్ళు త్వరగా వాస్తాయి. కడుపుతో ఉన్నప్పుడు పళ్ళ జోలికి పోకూడదని పెద్దవాళ్ళు ఆపేస్తారు. నిజానికి గార తీయించుకోవడం అప్పుడు కూడా క్షేమమే, నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య అయితే మరీ సుఖం.

పొగాకు మాట ఎత్తకుండా కోనసీమలో ఈ సంగతి పూర్తి కాదు. గోదావరి లంకల పొగాకు ఒకప్పుడు చుట్టలకి పేరు మోసింది. ఇప్పుడు చుట్ట తగ్గింది, ఖైనీ పొట్లం పెరిగింది. పొగ తాగేవాళ్ళకి చిగుళ్ళ జబ్బు ఎక్కువ వస్తుంది, త్వరగా ముదురుతుంది. ఇందులో ఒక మోసం ఉంది. వాళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం తక్కువ కారుతుంది, గులాబీ రంగులోనో నల్లగానో గట్టిగా కనిపిస్తాయి. రక్తం రావడం లేదంటే బాగున్నట్టే అనుకుంటారు. కాబట్టి చుట్ట, బీడీ తాగేవాళ్ళని రక్తం వస్తోందా అని అడిగితే సరిపోదు, పన్ను కదిపి చూడాలి.

మన ఊళ్ళలో జరుగుతున్న వైద్యం ఏమిటో కూడా మీకు తెలియాలి. చిగురు ఉబ్బి చీము పడితే మందుల షాపుకి వెళ్తారు. అక్కడ రెండు రకాల యాంటీబయాటిక్, ఒక నొప్పి మాత్ర కట్టి ఇస్తారు. మూడు రోజుల్లో వాపు తీస్తుంది, మందు పనిచేసిందంటారు. గార కింద ఉన్న కాపురానికి ఆ మందు చేసిందేమీ ఉండదు. లీవెన్‌హుక్ వెనిగర్ లాగే ముద్దలోకి చేరదు. ఆరు నెలలకి మళ్ళీ అదే పొట్లం. ఇంతలో ఆ మందులకి లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయి, అది ఇంకో పెద్ద కష్టం.

ఇక గార తీయించుకోమంటే, తీయిస్తే పళ్ళు వదులైపోతాయి, సందులు పడతాయి అంటారు. పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందనే మాట ఎంత గట్టిదో ఇదీ అంతే గట్టిగా పాతుకుపోయింది. అలా తోచడానికి కారణం లేకపోలేదు. ఏళ్ళ తరబడి గట్టిపడ్డ గార సిమెంటులా పళ్ళని ఒకదానికొకటి అంటించి ఉంచుతుంది. కింద ఎముక ఎప్పుడో పోయింది. గార తీయగానే ఉన్న వదులు బయటపడుతుంది, కప్పి ఉన్న సందులు కనబడతాయి. తీసిన డాక్టరు మీద నింద పడుతుంది. ఇది పరికరం పెట్టకముందే ఓపికగా చెప్పే డాక్టరు దొరకడం మన అదృష్టం మీద ఉంది.

పాత అలవాట్లని నేను తీసిపారేయను. సుశ్రుత సంహితలో చిగుళ్ళ జబ్బులకి వేరే వరసే ఉంది. రక్తం కారడం, చీము పట్టి పళ్ళు కదలడం ఆనాటి వైద్యులకి తెలుసు. వేపపుల్ల మెత్తగా నమిలి, చిగురు మొదట్లో నిదానంగా తిప్పితే పాచి పోతుంది, ఎందుకంటే పాచిని పోగొట్టేది రాపిడే. ఇటుక పొడి, బొగ్గు, రాళ్ళ ఉప్పు మాత్రం పంటిని అరగదీస్తాయి. తొంభయ్యవ దశకంలో తెలుగునాట ఊపేసిన ఆయిల్ పుల్లింగ్ కోనసీమలో కొబ్బరి నూనెతో ఇప్పటికీ చేసేవాళ్ళున్నారు. పాచి కొంత తగ్గుతుందని చిన్న చిన్న పరిశోధనలు చెప్పాయి. చెయ్యనివ్వండి, తోముకోవడం మానకుండా చేస్తే చాలు. కొబ్బరి ఈనెతో నాలుక గీసుకుంటాం కదా, పళ్ళ సందులు అదే ఈనెతో పొడుచుకుని చిగురు చీల్చుకోవడం మాత్రం తగ్గాలి. వాటి కోసం సన్నటి బ్రష్షులు వచ్చాయి, దారం ఉంది. అన్నిటికంటే ముఖ్యం రాత్రి పడుకోబోయే ముందు తోముకోవడం. పొద్దున్నే తోముకోవడం మనకి ఆచారం, రాత్రిది ఎవరూ నేర్పలేదు.

సరే, అడగవలసింది అడుగుతాను. ఏఎన్‌ఎం నోరు తెరిపించిన ఆ నిమిషంలోనే మూడు ప్రశ్నలు కలపండి. తోముకునేటప్పుడు రక్తం వస్తోందా? దెబ్బ తగలకుండా ఏ పన్నయినా కదిలిందా, ఊడిందా? చిగురు దిగిపోయి పళ్ళు ముందుకంటే పొడుగ్గా కనబడుతున్నాయా? జనాన్ని ప్రశ్నలడిగి చిగుళ్ళ జబ్బుని అంచనా కట్టడం నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ, అక్కడి చిగుళ్ళ వైద్యుల సంఘం కలిసి ఇలాంటి ప్రశ్నల్నే తయారు చేసి, పరీక్షించి వాడాయి. ప్రశ్నలతో అందరూ దొరకరు. ఇప్పుడు దొరుకుతున్న వాళ్ళకంటే ఎక్కువ దొరుకుతారు. షుగర్ ఉన్నట్టు అదే రోజు తేలినవాళ్ళని, పొగాకు వాడేవాళ్ళని ప్రశ్నలతో పని లేకుండా నేరుగా పళ్ళ డాక్టరు దగ్గరికి పంపమనండి.

ఏఎన్‌ఎంల మీద ఇప్పటికే ఎన్ని యాప్‌ల బరువుందో నాకు తెలుసు. ఇంకో గడి పెంచుతున్నానని వాళ్ళు నన్ను తిట్టుకుంటారేమో. అందుకే ఇది మీ నుంచి రావాలి, దీని కోసం వాళ్ళ పనిలో ఇంకేదో ఒకటి తగ్గించి మరీ రావాలి. కాగితం మీద కలిపేసి, నెలాఖరుకి లక్ష్యం ఇంత అని ఫోన్లు చేయించే పద్ధతైతే అసలు వద్దు.

పంపిస్తే ఎక్కడికి పంపాలి అన్నది రెండో సంగతి. జిల్లాలో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ళ కుర్చీ ఉంది, గార తీసే యంత్రం ఎక్కడ పనిచేస్తోంది, ఏ వారం ఏ వేళకి డాక్టరు ఉంటారు అన్నది ప్రతి విలేజ్ క్లినిక్ గోడ మీదా పెద్ద అక్షరాలతో రాయించండి. కూలి మానుకుని బస్సెక్కి వచ్చినవాళ్ళకి డాక్టరు లేరనో కరెంటు లేదనో చెబితే వాళ్ళు జన్మలో మళ్ళీ రారు. యంత్రం పాడైతే బాగు చేయించడానికి ఎంతకాలం పడుతుందో మీరొకసారి అడిగి చూడండి.

లంకల వాళ్ళది వేరే లెక్క. బూరుగులంక రేవులో వేసిన దారి ఏటా వరదకి కొట్టుకుపోతుంది, ఊడిమూడి లంక, జి.పెదపూడి లంక, అరిగెలవారిపేట జనం పడవల మీద దాటుతారు. ఆ నెలల్లో చిగుళ్ళ కోసం ఎవరూ ఏరు దాటి రారు, రమ్మనడం కూడా న్యాయం కాదు. అమలాపురంలోనే దంతవైద్య కళాశాల ఉంది. సంక్రాంతి తరవాత, ఎండలు ముదరకముందు, దారి ఉన్న రోజుల్లో అక్కడి డాక్టర్లని, చదువుకునే పిల్లల్ని లంకల్లోకే పంపండి. అయితే ఒక షరతు. శిబిరమంటే బ్యానరు, ఫొటో, చేతిలో ఒక పేస్టు ట్యూబు, సాయంత్రానికి జీపెక్కడం అయిపోయింది. వచ్చినవాళ్ళ గార అక్కడే తీయాలి, లేదా ఏ రోజు ఎక్కడ తీస్తారో చీటీ రాసి ఇవ్వాలి, మూడు నెలలకి వచ్చి మళ్ళీ చూడాలి. ఒకసారి తీయించి వదిలేస్తే ఆ సూక్ష్మజీవులు వారాల్లోనే తిరిగి కాపురం పెడతాయి. ఆ రెండో రాక లేకపోతే మొదటిదానికి అయిన ఖర్చు దండగ.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్ళ గురించి కూడా ఒక్క మాట. మా పక్క నుంచి కువైట్, ఖతార్, మస్కట్ వెళ్ళి ఇళ్ళల్లో పని చేసుకుంటున్న ఆడవాళ్ళు చాలామంది. రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చినప్పుడు పెళ్ళిళ్ళు, అప్పులు, ఇంటి పునాదులు చూసుకుని వెళ్ళిపోతారు. సర్వే వచ్చినప్పుడు ఊళ్ళో లేరు కాబట్టి వాళ్ళ పేరు దాటిపోతుంది. ఆశా కార్యకర్తకి ఎవరింటికి ఎవరొచ్చారో మనందరికంటే ముందు తెలుస్తుంది. వచ్చిన వారంలోనే బీపీ, షుగర్, నోరు చూసే ఏర్పాటు చేయిస్తే బాగుంటుంది.

బడుల సంగతి ఇంకో ఉత్తరానికి సరిపడా ఉంది. మా మండలంలోని లంకల గన్నవరంలో అన్నదానం చేసిన డొక్కా సీతమ్మ గారి పేరు మీదే ఇప్పుడు రాష్ట్రమంతా పిల్లలు బడిలో మధ్యాహ్నం అన్నం తింటున్నారు. తిన్నాక కుళాయి దగ్గర చేతులు కడుక్కునేటప్పుడు, చిగురుకీ పంటికీ మధ్య బ్రష్షు ఏ వాలులో పెట్టాలో టీచరు వారానికొకసారి చూపించగలిగితే చాలు. ఆ పిల్లలు ఇంటికెళ్ళి రాత్రి అమ్మానాన్నల చేత కూడా తోమిస్తారు. పిల్లలు పట్టుబడితే కాదనే తల్లిదండ్రులు మా ఊళ్ళో తక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ముదిరిన చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళు ప్రపంచంలో 100 కోట్ల మంది దాకా ఉన్నారు. మన జిల్లాలో ఎంతమందో మీరు ఒక మండలంలో ఒక నెల పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. ఆ మండలం పి.గన్నవరం కావాలని నా స్వార్థం. ఇది చుట్టూ నీరున్న లంకలూ, రోడ్డు మీది ఊళ్ళూ రెండూ ఉన్న మండలం. ఇక్కడ సాధ్యమైతే అయినవిల్లిలోనూ, మామిడికుదురులోనూ, రాజోలులోనూ సాధ్యమే.

ఈ లేఖ ప్రతిని వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీగా కూడా ఇస్తాను. ఏఎన్‌ఎం చేతి సంచిలో పట్టేలా ఆ మూడు ప్రశ్నల్ని ఒక చిన్న అట్ట మీద రాసి దానికి జతచేస్తున్నాను. వెనకవైపు ఖాళీగా వదిలాను, పళ్ళ డాక్టరు ఉండే చోటు, రోజు, వేళ మీ కార్యాలయం నింపాలి.

ఇట్లు,
పి.గన్నవరం నుంచి,
ఒక రిటైర్డ్ జీవశాస్త్ర ఉపాధ్యాయుడు